తల ఆన్చిన గోడ

మేస్త్రీకి రెండు రకాల మనుషులంటే అస్సలు పడదు. మరక మీద నేరుగా రంగు కొట్టేసేవాళ్ళు ఒక రకం. అలా కొట్టించుకుని, పని తొందరగా తెమిలిందని సంబరపడే ఓనర్లు రెండో రకం. ఖర్మ కాలి మొదటి రకం మనిషి సొంత బావమరిది అయి కూర్చున్నాడు. రెండో రకం వాళ్ళు లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

అద్దెకిచ్చే పాత ఇళ్ళను ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు మళ్ళీ మనుషులు చూడగలిగేలా చేయడం వాళ్ళిద్దరి పని. ఇల్లు కొనుక్కుని అందులోనే ఉండేవాళ్ళు గోడని కాస్త కనిపెట్టుకుని ఉంటారు. అద్దె కోసమే కొన్న ఇంటి సంగతి వేరు. ఓనరు చూడడు, ఉన్నవాడు పట్టించుకోడు. వంటింటి పైకప్పుకి పొగ జిడ్డు బంకలా పట్టి ఉంటుంది. కిటికీల కింద వాననీళ్ళు కారి కారి గోధుమరంగు చారలు. క్యాలెండర్ తీసేసిన మేకు చుట్టూ తుప్పు. తలుపు గడియ దగ్గర ఏళ్ళ తరబడి చేతులు రాసుకుని పాలిష్ పోయి, లోపలి చెక్క వెలవెలబోతూ కనిపిస్తుంది. ఇవన్నీ చూసి మామూలు పెయింటర్లు బకెట్‌లో రోలర్ ముంచుతారు. మేస్త్రీ మాత్రం ముందు తిట్లు మొదలుపెడతాడు, తర్వాత గీకుడు మొదలుపెడతాడు.

"మరకని ముందు చంపాలిరా, తర్వాతే కప్పాలి. బతికుండగా కప్పేస్తే నాలుగు నెలలకి లేచి నీ మొహంలోకే చూస్తుంది," అనేది అతని పాఠం. నూనె మరకైతే మరీ మొండిది, గోడ లోపలికి దిగుతుంది. మరక చుట్టూ ఇంకో జానెడు కలుపుకుని తవ్వి, కొత్త సిమెంటు పెట్టి, పైన పుట్టీలా లప్పం రాసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దితే గానీ రంగు డబ్బా మూత తీయనివ్వడు.

బావమరిది ఈ పాఠాన్ని మీసాలు మొలిచిన రోజుల నుంచీ వింటూనే ఉన్నాడు గానీ, ఒక్క ముక్కా ఒంటబట్టించుకోలేదు. మేస్త్రీ అటు తిరిగితే చాలు, మరక మీద రెండుసార్లు బ్రష్షు ఆడించి చేతులు దులుపుకుంటాడు. అందుకే మేస్త్రీ అతనికి పైపూత అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎంత గట్టిగా అతుక్కుందంటే, రంగుల కొట్టువాడు మొదలుకుని పెళ్ళాం దాకా అందరూ అలాగే పిలుస్తారు. పైపూతకి కోపం రాదు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నవ్వు మాత్రం పోలేదు. ఎంత కీచులాడుకున్నా ఇద్దరూ విడివిడిగా చేసిన పని ఒక్కటీ లేదు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ మేస్త్రీకి కబురు పెట్టింది. ముందు ముందు అద్దె మీద బతకొచ్చని ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తు వాటా కొన్నదట. నెలాఖరుకి అద్దెకి దిగేవాళ్ళు కూడా కుదిరారు.

"పెద్దగా ఏం వద్దండీ, అంతా ఒక కోటు వేసేయండి. చూడ్డానికి తెల్లగా ఉంటే చాలు," అంది.

"పుచ్చిన పన్ను మీద తెల్లరంగు వేస్తే చాలంటే మీరు ఊరుకుంటారా మేడమ్?"

"అలా అడిగేవాళ్ళు మాకూ తక్కువేం లేరు," అని డాక్టరమ్మ నవ్వేసింది. "సరే, మీకు తోచినట్టే చేయండి. నెలాఖరు మాత్రం దాటకూడదు."

తాళంచెవి చేతికిచ్చి, ఇల్లెక్కడో చెప్పింది. మేస్త్రీ కాసిని మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆవిడ ఇంకేదో చెబుతుంటే ఊ కొట్టాడు గానీ ఒక్క మాటా చెవికెక్కలేదు. ఆ వాటాలోనే ఒకప్పుడు అతనూ, భార్యా, కూతురూ కాపురం ఉన్నారు. అది ఇరవై ఏళ్ళ పైమాట.

ఇంటికొచ్చి చెప్పాలా వద్దా అని గుమ్మం బయట చెప్పులు విప్పుతూ చాలాసేపు నిలబడ్డాడు. చెప్పకపోయినా దాగదు. అతని మొహం చూసి లోపల ఏముందో చెప్పేయడం భార్యకి అలవాటే. ఉతికిన బట్టలు మడతపెడుతున్న ఆమె తలెత్తి, "ఏమైంది?" అంది. చెప్పాడు. చేతిలోని తువ్వాలు మడత మీద మడత పడి అరచేతిలో పట్టేంత అయింది.

ఆ ఇంటి ముందుగదిలో, తలుపు పక్కన కిటికీ కింద, పాప కూర్చునే చోటు ఒకటుండేది. సాయంత్రం తల్లి తలకి నూనె రాసి జడ వేయగానే అక్కడ నేల మీద కాళ్ళు బారజాపుకుని, గోడకి తల ఆన్చి, నాన్న ఎప్పుడొస్తాడా అని మెట్ల చప్పుడు వింటూ కూర్చునేది. లేత ఆకుపచ్చ గోడ మీద తల ఆనిన చోట నూనె మరక పడింది. మొదట రూపాయి బిళ్ళంత, పోనుపోను చిన్న పళ్ళెమంత. "గోడకి తల ఆన్చకే, మీ నాన్న చూస్తే గోడతో పాటు నిన్నూ గీకేస్తాడు," అని తల్లి రోజూ అరిచేది. పాప కిలకిలా నవ్వి ఇంకాస్త గట్టిగా ఆనేది. ఊళ్ళోవాళ్ళ మరకలన్నీ వదిలించే మేస్త్రీ తన ఇంట్లో ఆ ఒక్కదాని జోలికి పోలేదు. పోనీలే, కాస్త పెద్దదయ్యాక చూద్దాం అనుకున్నాడు.

పాప పెద్దదవలేదు. ఆరో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ ఇంటికి తెచ్చుకోలేకపోయారు. భార్యని వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోయింది. మేస్త్రీ ఏమో బావమరిది ఇంట్లో మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వాటాలో మళ్ళీ అడుగు పెట్టడం ఇద్దరివల్లా కాలేదు. అప్పటి ఓనరు గోడలు శుభ్రం చేసి తాళం ఇమ్మంటే, సామాను సర్దిందీ, రంగు వేసిందీ, తాళం అప్పగించిందీ పైపూతే. చిన్న గదికి రోజులకి రోజులు పట్టింది. అంత దుఃఖంలోనూ మేస్త్రీ మంచం మీంచే విసుక్కున్నాడు, ఆ గది పూయడానికి ఇన్నాళ్ళేంట్రా అని.

"అది ఉంటుంది కదా," అంది భార్య చివరికి, తువ్వాలు పక్కన పెట్టి.

మేస్త్రీ ఏదని అడగలేదు.

"రంగు వేసింది తమ్ముడు. కింద ఏముందో చూసి వేసే రకమా వాడు? పైన పులిమేసి వచ్చుంటాడు. నూనె మరక చావదని నువ్వే అంటావుగా."

దారి పొడుగునా మేస్త్రీ లెక్కా అదే. తర్వాత వచ్చినవాళ్ళు ఎవరైనా ఆయిల్ పెయింటు వేసి ఉంటే మరక పైకి రాలేక కిందే ఆగిపోయి ఉంటుంది. పైపొరలు జాగ్రత్తగా తీస్తే దొరకాలి.

"ఇన్నేళ్ళూ ఆ వీధిలోంచి పోయినప్పుడల్లా పైకి చూసేదాన్ని," అంది ఆమె. "ఎవరో ఉంటున్న ఇంటి తలుపు కొట్టి, మీ గోడ ఒకసారి చూస్తానమ్మా అని ఎలా అడుగుతాం? ఇప్పుడు తాళం నీ చేతిలో ఉంది. నెలాఖరుకి మళ్ళీ ఎవరో దిగిపోతారు. అది కనపడితే నన్ను తీసుకెళ్ళు. ఒక్కసారి చెయ్యి పెట్టి చూసుకుని వచ్చేస్తా. తర్వాత నీ ఇష్టమొచ్చిన రంగు వేసుకో."

పాప బట్టలు ఆ రోజుల్లోనే ఎవరికో ఇచ్చేశారు. ఉన్న ఒక్క ఫోటో చెమ్మ పట్టి అద్దానికి అతుక్కుపోయింది, మొహం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. భార్య ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం మేస్త్రీ విని ఎన్నేళ్ళయిందో.

మర్నాడు పొద్దున్నే బావా బావమరుదులు ఆ బిల్డింగు మెట్లెక్కారు. మెట్ల పక్క చెక్క రెయిలింగుకి పాలిష్ అన్నది లేదు, చేతులు పట్టీ పట్టీ నల్లగా నిగనిగలాడుతోంది. పైపూత ఆ రోజు నవ్వలేదు. ఏ ఇల్లో తెలిసింది కాబట్టి నవ్వడంలేదనుకున్నాడు మేస్త్రీ. తలుపు తీశాక, వచ్చిన పని ఏమిటో చెప్పాడు.

"మీ అక్కకి ఆ మరక కావాలి. గోడ మొత్తం గీకుదాం. నువ్వు వంటింట్లో జిడ్డు కడుగు, ఇక్కడ నేను చూసుకుంటా."

పైపూత రంగు డబ్బా కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, ఇంకో చోట పెట్టాడు. "ఎందుకు బావా ఇప్పుడది? ఇన్నేళ్ళకి అక్కని ఇక్కడికి తెచ్చి ఏడిపించడం కాకపోతే. ఒక కోటు కొట్టి పోదాం."

"నీకెప్పుడూ ఒక కోటు కొట్టి పోవడమేగా."

"అది కాదు బావా."

"ఏది కాదు? నీ పనితనం మీద జీవితంలో మొదటిసారి నమ్మకం పెట్టుకుని వచ్చాన్రా. పో, వంటింట్లో పని చూడు."

పైపూత వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఒకసారి కిటికీ వైపు చూసి లోపలికి పోయాడు. కాసేపటికి అక్కణ్ణించి బకెట్ చప్పుడైతే అయింది గానీ, గోడ రుద్దుతున్న చప్పుడు రాలేదు. వీడి బద్ధకం పాడుగాను అనుకుని మేస్త్రీ తన పనిలో పడ్డాడు.

పాత అద్దె ఇంటి గోడని గీకడమంటే, అక్కడ ఉండిపోయినవాళ్ళని ఒక్కొక్కరినీ వెనక్కి పిలవడమే. పైన తెలుపు, అది పొడిపొడిగా రాలింది. దాని కింద మీగడ రంగు. ఆ కింద ఎవరి సరదానో గులాబి, అదిగో అది ఆయిల్ పెయింటే, గీకే రేకు కింద పెళ్ళలు పెళ్ళలుగా లేచింది.  మేస్త్రీ అనుకున్నది అనుకున్నట్టే ఉంది. గులాబి కింద చవకరకం తెల్ల డిస్టెంపరు. అది పైపూత వేసిందే అయి ఉండాలి, అప్పట్లో వాడు ఎప్పుడూ కొనేది అదే. దాని కింద, తలుపు వైపు మూలలో, లేత ఆకుపచ్చ కనబడింది.

మేస్త్రీ రేకు పక్కన పెట్టి ఆ ఆకుపచ్చని వేలితో తడిమాడు. పాప అడిగితే ఆ రంగు తనే కలిపాడు. డబ్బాలో కర్ర తిప్పుతుంటే పక్కన గొంతుక్కూర్చుని, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ చెప్పింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ గుర్తులేదు. కళ్ళు తుడుచుకుని, ఇక రేకు వదిలేసి, తడిగుడ్డతో నానబెడుతూ, గోటితో తీసినట్టు నెమ్మదిగా కిటికీ కిందికి జరుపుకుంటూ పోయాడు. మధ్యాహ్నం తిండి ఊసే ఎత్తలేదు.

కిటికీ కింద ఆకుపచ్చ ఆగిపోయింది.

పెళ్ళ ఊడిందేమో అనుకున్నాడు ముందు. ఇంకాస్త తీశాడు. తెల్ల డిస్టెంపరు కింద ఆకుపచ్చ లేదు, లప్పం ఉంది. లప్పం కింద బూడిదరంగు సిమెంటు. పాత సున్నపు గోడలో కొత్త సిమెంటు. ఎడమకి వెళ్ళాడు, కుడికి వెళ్ళాడు, కిందికి నేల దాకా, పైకి కిటికీ దిమ్మ దాకా. పాప కూర్చున్న చోటంతా, ఆ చుట్టూ జానెడు కలుపుకుని, తవ్వి తీసేసి ఉంది. కొత్తదీ పాతదీ కలిసిన చోట గీత కూడా లేదు. అరచేత్తో రాస్తే ఎక్కడా తగల్లేదు. అంత శుభ్రమైన పని మేస్త్రీ ఎవరి దగ్గరా చూడలేదు, తన దగ్గర తప్ప.

వెనక్కి తిరిగేసరికి పైపూత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులు పొడిగా ఉన్నాయి.

"నువ్వేనా?"

పైపూత తలూపాడు.

"ఎందుకురా?"

"నువ్వు చెప్పేవాడివి కదా బావా, పైన కొడితే లేచొస్తుందని." అతను గోడ వైపే చూస్తున్నాడు. "వచ్చినవాళ్ళు ఎవరో దాన్ని చూసి ఛీ అంటారని భయమేసింది. మా పిల్ల తల మరక చూసి ఎవరో జిడ్డు అనుకుంటూ రుద్దుతారని. అది నాకు నచ్చలేదు. అందుకని నువ్వు చెప్పినట్టే చేశా. మొదటి రెండు రోజులూ తీయబుద్ధి కాలేదు, దాని ఎదురుగా కూర్చుని చూస్తా ఉండిపోయా. తర్వాత మొదలెట్టా. మూడుసార్లు రుద్దా. ఒక్క పని బావా, నా మొత్తం బతుకులో నువ్వు చెప్పినట్టు చేసింది ఆ ఒక్క పని."

మేస్త్రీకి అతన్ని కొట్టాలనిపించింది. అతన్ని కాకపోతే తనని కొట్టుకోవాలనిపించింది. ఇన్నేళ్ళు నోరు నొప్పి పుట్టేలా తిట్టి తిట్టి నేర్పిన పాఠం, వెళ్ళి వెళ్ళి అక్కడ ఒంటబట్టింది. ఆ రోజు కూడా వాడు ఎప్పటిలా బద్ధకంగా రెండు దెబ్బలు కొట్టి వచ్చేసి ఉంటే, ఈపాటికి పాప తల ఆన్చిన చోటు ఇక్కడ, ఈ చెయ్యి కింద ఉండేది. రాలిన రంగు పెళ్ళల మధ్య నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పైపూత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ గోడకి వీపు ఆన్చలేదు.

చాలాసేపటికి మేస్త్రీ ముక్కు చీదుకుని, "బాగా చేశావురా," అన్నాడు.

"తిట్టు బావా."

"నిజంగానే బాగా చేశావు. అతుకు కనపడలేదు."

ఆ మాట కోసం పైపూత ఏళ్ళ తరబడి ఎదురుచూసి ఉంటాడు. ఇప్పుడు విని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అక్కకి నేను చెబుతా," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి.

"నువ్వేం చెప్పొద్దు. దానికి ఉన్న తోడబుట్టినవాడివి నువ్వొక్కడివి. నేను చూసుకుంటా."

సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆమె బయటికి వెళ్ళే బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది. తీసుకెళ్ళడానికి వచ్చారనుకుని లేచి నిలబడింది. వెనకాలే వచ్చిన తమ్ముణ్ణి చూసి, "నువ్వూ వస్తావా?" అంది.

"లేదే," అన్నాడు మేస్త్రీ. "గోడ దాకా గీకాను. లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. తవ్వి తీసేసి ఉంది. నేనే తీశాను." నేలవైపు చూస్తూ చెప్పుకుపోయాడు. "నువ్వు మీ అమ్మ దగ్గరున్నప్పుడు ఒక రోజు లేచి వెళ్ళా. వీడు సరిగ్గా చేయడని తెలుసుగా. నేనే తవ్వి లప్పం పెట్టా. అప్పుడు బుర్ర పనిచేయడంలేదు కదా, మర్చేపోయా. గోడ చూశాక గుర్తొచ్చింది."

 ఆమె అరిచినా బాగుండేది. "నీ చేతిలో పడ్డాక మరక మిగులుతుందా," అని మాత్రం అంది. కోపం కూడా లేదు ఆ మాటలో. మేస్త్రీ తలవంచుకుని ఆ మాట పడ్డాడు. గుమ్మం దగ్గర పైపూత నోరు తెరిచాడు గానీ, బావ చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాడు.

ఆమె ఉన్నచోటే నేల మీద కూర్చుని గోడకి జారగిలబడింది. "ఎంత ఎత్తులో ఉండేది?" అంది. "అదైనా చెప్పు. కూర్చుంటే దాని తల ఎక్కడికి వచ్చేది?"

మేస్త్రీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గోడ మీద చెయ్యి పెట్టాడు. "ఇక్కడికి."

"అంతెక్కడిది? ఇంకా కిందికి."

చెయ్యి జరిపాడు. "ఇక్కడా?"

"ఏమో. మరీ అంత కిందికా?" ఆమె తన భుజం చూసుకుంది, మోచెయ్యి చూసుకుంది. "నా పక్కనే కూర్చునేది కదా, నాకెందుకు గుర్తు రావడంలేదు?"

కంటితో చూసి గోడ కొలత చెప్పగల మేస్త్రీ చెయ్యి పైకీ కిందికీ తడుముకుంటోంది. అతనికీ గుర్తులేదు. కన్నవాళ్ళిద్దరూ కూతురి ఎత్తు కోసం ఖాళీ గోడ మీద వెతుక్కోవడం పైపూత చూడలేకపోయాడు. గబగబా వచ్చి అక్క పక్కన కూర్చుని, గోడ మీద అరచెయ్యి పెట్టాడు. తడుముకోలేదు, ఆలోచించలేదు. చెయ్యి నేరుగా వెళ్ళి ఒక్కచోట ఆగింది.

"ఇదిగో, ఇక్కడక్కా. మధ్యలో ఇక్కడ బాగా ముదురుగా ఉండేది. ఈ పక్కకి కొంచెం సాగేది, జడ ఇటు వేసుకునేదిగా."

ఆమె ఆ చెయ్యి చూసింది. తర్వాత తమ్ముడి మొహం చూసింది. ఆ మరకని చివరిసారి అంత దగ్గరగా చూసింది ఎవరో, తవ్వింది ఎవరో, ఆమెకి అప్పుడు అర్థమైంది. పైపూతకి కూడా తెలిసిపోయింది ఆమెకి తెలిసిందని. చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"తియ్యకు," అంది ఆమె.

ముందుకి వంగి తమ్ముడి చేతి మీద తన చెయ్యి పెట్టింది.  మేస్త్రీ గోడ మీంచి తన చెయ్యి తీసేసుకున్నాడు.